కనికరం, విమోచన, పరవాసి: ఒక క్రైస్తవ దృక్పథం

(షోలాపూర్‌లో మన పాఠశాల ప్లాటినమ్ జూబిలీ ఉత్సవాల సందర్భంగా ఏర్పాటైన సర్వమత సందేశ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలుగా మరాఠీ నేల మీద తెలుగు అక్షరాన్ని దిద్దిస్తున్న విద్యాలయం ఇది. దీని ఉత్సవ వేదిక మీద నాకు రెండు మాటలు చెప్పే అవకాశం కల్పించిన పెద్దలకు కృతజ్ఞుడను. ఒక్కొక్క మతంలోని సారాంశాన్ని ఒక్కొక్క వక్త నివేదించాలని కార్యవర్గం వారు కోరారు. నా వంతుకు వచ్చిన క్రైస్తవంలో నుండి నేను మూడు మాటలను ఎన్నుకున్నాను. అవి కనికరం, విమోచన, పరవాసి. వీటిని విడివిడిగా చెప్పడం కంటె ఒకదానితో ఒకటి ఎట్లా ముడిపడి ఉన్నవో చెప్పడమే నా ఉద్దేశం. పడుగు, పేక విడివిడిగా ఉంటే అది నూలే గాని వస్త్రం కాదని ఈ ఊరిలో ఎవరికీ వివరించనక్కరలేదు.

ముందుగా విమోచన అనే మాటను చూద్దాము. చర్చి ప్రార్థనలలో, కీర్తనలలో ఈ మాట తరచుగా వినిపిస్తుంది. అందువలన ఇదేదో పరలోకానికి సంబంధించిన పెద్ద తాత్త్విక పదమని చాలామంది అనుకుంటారు. దాని పుట్టుక మాత్రం సంతలోనిది, పొలంలోనిది. ప్రాచీన ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రంలో ఒక నియమం ఉన్నది. ఒకడు బీదవాడై తన భూమిని అమ్ముకొన్నట్లయితే, అతని దగ్గరి బంధువు సొమ్ము చెల్లించి ఆ భూమిని విడిపించాలి. అప్పు తీర్చలేక తననే దాసునిగా అమ్ముకొన్నట్లయితే, బంధువే మూల్యం చెల్లించి అతనిని విడిపించవచ్చును. ఆ బంధువును హెబ్రీ భాషలో గోయేల్ అంటారు. విమోచకుడు అనే తెలుగు మాటకు మూలం అదే. సాహుకారు వద్ద తాకట్టులో ఉన్న పుస్తెలను విడిపించి తెచ్చిన అన్నదమ్ముడు, అప్పు కింద పోబోయిన మగ్గాన్ని నిలబెట్టిన మేనమామ మన కుటుంబాలలో కూడ ఉన్నారు. వారు చేసినది గోయేల్ పనే.

ఈ నియమంలో ఒక సూక్ష్మం ఉన్నది. మూల్యం చెల్లించేవాడు విమోచకుడే గాని విడుదల పొందినవాడు కాదు. విడిపించినవానికి నష్టం, విడుదలైనవానికి స్వేచ్ఛ. ఈ సూక్ష్మాన్ని మనసులో ఉంచుకోండి. ఇకమీద నేను చెప్పేదంతా దీని మీదనే ఆధారపడి ఉన్నది.

బైబిలులో రూతు గ్రంథమని ఒక చిన్న గ్రంథం ఉన్నది. నాలుగే అధ్యాయాలు. బేత్లెహేములో కరవు వస్తుంది. ఎలీమెలెకు అనే గృహస్థుడు భార్య నయోమిని, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని పొరుగుదేశమైన మోయాబుకు వలస పోతాడు. కరవు వచ్చినప్పుడు ఇల్లు విడిచి, భాష వేరైన నేలకు నడిచిపోవడం ఎట్టిదో మన తాతముత్తాతలకు తెలుసు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుండి మూటాముల్లె నెత్తిన పెట్టుకొని ఈ ఊరికి వచ్చిన నేతకుటుంబాల కథ అదే గదా. మోయాబులో ఎలీమెలెకు మరణిస్తాడు. మోయాబు స్త్రీలను పెండ్లాడిన కుమారులిద్దరూ మరణిస్తారు. సుమారు పది సంవత్సరాల తరువాత నయోమి ఒట్టి చేతులతో స్వగ్రామానికి బయలుదేరుతుంది. వద్దన్నా వినక చిన్నవయసు కోడలు రూతు ఆమె వెంట వస్తుంది. ఇప్పుడు పరదేశి రూతు.

ఆమె సామాన్యమైన పరదేశి కూడ కాదు. మోయాబీయులు పది తరముల వరకు తమ సమాజంలో ప్రవేశింపరాదని ధర్మశాస్త్రంలోనే నిషేధం ఉన్నది. అదే ధర్మశాస్త్రంలో మరొక ఆజ్ఞ కూడ ఉన్నది. పంట కోయునప్పుడు పొలం అంచుల వరకు పూర్తిగా కోయరాదు. రాలిన పరిగెను ఏరుకొనరాదు. పొలంలో మరచిపోయిన పన కొరకు తిరిగి వెళ్ళరాదు. అవి బీదలకు, పరదేశులకు, విధవలకు, తండ్రి లేనివారికి చెందినవి. పరదేశి విషయంలో ధర్మశాస్త్రం చెప్పిన కారణం హృదయాన్ని తాకుతుంది. మీరును ఐగుప్తులో ఒకప్పుడు పరవాసులై ఉన్నారు గనుక, పరవాసి మనసు మీకు తెలుసు గనుక అని.

ఒకే శాస్త్రంలో ఒక వాక్యం తలుపు మూస్తున్నది, మరొక వాక్యం పొలం గట్టు తెరుస్తున్నది. బోయజు అనే భూస్వామి ముందు ఆ రెండూ ఉన్నవి. ఆయన రెండవదానిని ఎన్నుకున్నాడు. పరిగె ఏరుకొనే ఆ పరదేశిని గద్దింపవద్దని పనివారికి చెప్పాడు. దాహమైతే వారి కుండలలోని నీరే త్రాగమన్నాడు. భోజనవేళ తనవారి సరసన కూర్చుండబెట్టి పేలాలు అందించాడు. అంతేకాదు, పనలలో నుండి కొన్ని వెన్నులను కావాలనే జారవిడువుమని కోతగాండ్రకు రహస్యంగా చెప్పాడు. అట్లా చేస్తే ఆమె తన చేతులతో ఏరుకొన్నట్లే ఉంటుంది, భిక్ష పుచ్చుకొన్నట్లు ఉండదు. దానం చేసేవారు నేర్చుకోదగిన పాఠం ఇంతకంటె మరొకటి నాకు కనిపించదు. పుచ్చుకొనేవాని తల వంగకుండ ఇవ్వడమే కనికరానికి గీటురాయి.

కథ చివర నయోమి భర్తకు చెందిన భూమిని విడిపించవలసి వస్తుంది. బోయజు కంటె దగ్గరి బంధువు ఒకడున్నాడు. ఊరి గుమ్మం వద్ద పదిమంది పెద్దల యెదుట విషయం ప్రస్తావనకు వస్తే, ముందు భూమిని విడిపిస్తానంటాడు. ఆ భూమితో పాటు పరదేశి అయిన రూతును కూడ స్వీకరించాలని తెలిసినప్పుడు, తన స్వాస్థ్యానికి నష్టమని వెనుకకు తగ్గుతాడు. భూమి కావాలి, మనిషి అక్కరలేదు. బోయజు మనిషి కొరకు నష్టానికి సిద్ధపడ్డాడు. ఆ రూతు మునిమనుమడే దావీదు మహారాజు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో యేసుక్రీస్తు వంశావళిలో ఆమె పేరు నేటికీ ఉన్నది. క్రైస్తవులు విమోచకుడని పిలుచుకొనే ఆయన వంశం, ఒక పరదేశి స్త్రీని చేర్చుకొన్న వంశం.

ఇక రెండవ కథ మీరు పాఠ్యపుస్తకాలలో సైతం విని ఉంటారు. లూకా సువార్త పదవ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం. ఒక ధర్మశాస్త్రోపదేశకుడు యేసును, ప్రేమించవలసిన నా పొరుగువాడెవడు అని అడుగుతాడు. దానికి సమాధానంగా యేసు ఈ కథ చెబుతాడు. యెరూషలేము నుండి యెరికోకు దిగే దారిలో దొంగలు ఒక బాటసారిని కొట్టి, దోచుకొని, కొనప్రాణంతో విడిచిపోతారు. ఆ దారి ముప్పయి కిలోమీటర్ల లోపలనే సుమారు వెయ్యి మీటర్లు దిగుతుంది. రాళ్ళు, మలుపులు, నిర్జన ప్రదేశం. యాజకుడు చూసి ప్రక్కగా పోయాడు. లేవీయుడు చూసి ప్రక్కగా పోయాడు. సమరయుడు చూసి ఆగాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు. తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మరునాడు రెండు దేనారములిచ్చి, ఇంకేమైన ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీర్చుతానన్నాడు. ఒక దేనారము ఆ కాలంలో ఒక దినపు కూలి.

యూదులకు, సమరయులకు తరతరాల వైరం. గెరిజీము కొండ మీది సమరయుల ఆలయాన్ని క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్ది చివర యూదు పాలకుడే నాశనం చేశాడు. ఇంకొక విషయం చాలామంది గమనించరు. ఈ ఉపమానానికి ముందటి అధ్యాయంలోనే, ఒక సమరయుల గ్రామం యేసుకు బసనివ్వక త్రిప్పి పంపింది. ఆ గ్రామం మీద అగ్ని కురిపించమందువా అని శిష్యులు అడిగితే ఆయన వారినే గద్దించాడు. తనకు తలదాచుకొనే చోటు ఇవ్వని జాతి నుండి ఒక మనిషిని తీసుకొని, పరాయివానికి తలదాచుకొనే చోటు చూపించిన ధర్మాత్మునిగా కథలో నిలిపాడు. కనికరం అంటే ఇదే. అవమానాన్ని లెక్కలో రాసి పెట్టుకొనదు.

కథ ముగించి యేసు ప్రశ్ననే మార్చివేశాడు. నా పొరుగువాడెవడు అని అడిగినవానిని, ఆ ముగ్గురిలో పొరుగువాడైనది ఎవడు అని తిరిగి అడిగాడు. మన దేశంలో ఈ మొదటి ప్రశ్నకు మరొక రూపం ఉన్నది. కొత్తవాడు గుమ్మంలో నిలబడగానే, ఏ ఊరు, ఎవరి తాలూకు, మీరేమిటోళ్లు అని అడుగుతాము. మంచినీళ్లిచ్చే ముందే అడుగుతాము. సమరయుడు ఆ ప్రశ్న అడగలేదు. అడిగినా దెబ్బలు తిన్నవాడు జవాబు చెప్పే స్థితిలో లేడు. ఒంటి మీద బట్ట కూడ లేదు గనుక, వేషాన్ని బట్టి పోల్చుకొనే వీలు కూడ లేదు. అతడు మనిషి మాత్రమే.

కనికరం క్రైస్తవుల సొత్తు అని నేను అనడం లేదు. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో, ఏ వేళ వచ్చిన బాటసారికైనా కులమేమిటని అడగక అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు బైబిలు చదివి ఆ పని చేయలేదు. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ తల్లిని తెలుగువారు నేటికీ అపర అన్నపూర్ణ అని తలచుకుంటారు. యేసు చెప్పిన కథలో మెప్పు పొందినవాడు కూడ ఆయన జాతివాడు కాదు, ఆయన ఆలయంలో పూజించేవాడు కాదు.

ఈ రెండు కథలు మన ఇంటికి ఎంత దగ్గరివో చెప్పడానికి, మన రైలు మార్గంలోనే ఉన్న ఒక స్టేషను పేరు చెబుతాను. ఇక్కడి నుండి పుణే వెళ్ళేటప్పుడు దౌండ్ దాటిన తరువాత కేడ్గావ్ అనే చిన్న స్టేషను వస్తుంది. అక్కడ పండితా రమాబాయి స్థాపించిన ముక్తి మిషన్ ఉన్నది.

రమాబాయి 1858లో నేటి కర్ణాటకలోని పశ్చిమ కనుమల అడవులలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. లోకం నిందించినా లెక్కచేయక భార్యకు, కుమార్తెకు సంస్కృతం నేర్పినవాడు. 1870లలో వచ్చిన కరవులో తలిదండ్రులు, అక్క ఆకలితో మరణించారు. రమాబాయి, ఆమె అన్న శ్రీనివాస్ కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి విద్వాంసులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయాడు. వివాహమైన రెండేండ్లలోపలనే 1882లో భర్త పోయాడు. చేతిలో పసిబిడ్డ మనోరమ మిగిలింది. 1883లో ఆమె ఇంగ్లండుకు వెళ్ళారు.

అక్కడ లండనులో, సంఘం వెలివేసిన స్త్రీల కొరకు క్రైస్తవ సన్యాసినులు నడిపే ఒక ఆశ్రమాన్ని చూశారు. అట్టి స్త్రీలను ఇంత ఆదరంగా చూడడానికి కారణమేమని ప్రశ్నించారు. ఒక సన్యాసిని జవాబుగా యేసు సమరయ స్త్రీతో బావి వద్ద మాట్లాడిన వృత్తాంతాన్ని చదివి వినిపించింది. ఆ అనుభవాన్ని గురించి రమాబాయి తరువాత స్వయంగా రాసుకున్నారు. ఆ సంవత్సరమే ఆమె బాప్తిస్మం పొందారు.

1889లో ఆమె బొంబాయిలో బాలవితంతువుల కొరకు శారదా సదన్ ప్రారంభించారు. మరుసటి ఏడు అది పుణేకు మారింది. 1893లో అక్కడి బాలికలు క్రైస్తవం వైపు మొగ్గుతున్నారన్న వివాదం చెలరేగింది. సలహా సంఘంలోని రానడే, భండార్కర్ వంటి పెద్దలు తప్పుకున్నారు. అనేకమంది సంరక్షకులు తమ బాలికలను తీసుకొనిపోయారు. ఈ సంగతిని నేను దాచిపెట్టి మాట్లాడడం న్యాయం కాదు. సేవకు వెనుక మరొక ఉద్దేశం ఉన్నదా అనే ప్రశ్న ఆనాడూ వేశారు, ఈనాడూ వేస్తున్నారు. వేయవలసిన ప్రశ్నే అది.

1896లో మధ్య పరగణాలలో ఘోరమైన కరవు వచ్చింది. తానే ఆకలిని ఎరిగిన రమాబాయి కరవు శిబిరాలకు వెళ్ళి, దిక్కులేని బాలికలను, వితంతువులను వందలుగా కేడ్గావ్‌కు తెచ్చుకున్నారు. ఎముకల గూళ్ళవంటి ఆ పిల్లలలో ఒక్కరూ ఆమెకు బంధువు కారు. వారి కొరకు ఏర్పడినదే ముక్తి సదనం. ముక్తి అనగా విమోచన. సంఘం పతితలని త్రోసివేసిన వారికి కృపా సదనం, అంధులకు బర్తిమయి సదనం వెలిశాయి. వారికి చదువు మాత్రమే కాక నేత, ముద్రణ, వ్యవసాయం మొదలైన పనులు నేర్పించారు. పరిగె ఏరుకొనే చేతులకు పని ఇవ్వాలన్న బోయజు బుద్ధి ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది. రమాబాయి మూలభాషల నుండి బైబిలును మరాఠీలోకి అనువదించి, పని ముగించి 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. 1989లో భారత ప్రభుత్వం ఆమె స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

సేవకు షరతు ఉండవచ్చునా అనే ప్రశ్నకు మన తెలుగునాట కూడ ఒక జవాబు ఉన్నది. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశాన్ని పీడించిన మహాక్షామంలో, ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకపు పనిని గుత్తకు తీసుకొని ఆకలిగొన్న వేలాదిమందికి కూలి చూపించాడు. ఆ నెలలలో ఎందరో బాప్తిస్మం అడిగినా ఆయన ఇవ్వలేదు. అన్నం కొరకు వచ్చిన విశ్వాసం విశ్వాసం కాదని, అన్నం నడుస్తున్నంతకాలం ఆ తలుపు మూసి ఉంచాడు. పని ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజునే 2222 మంది బాప్తిస్మం పొందారన్నది చరిత్రలో ప్రసిద్ధమైన విషయం. నాకు మాత్రం ఆ ఒక్క రోజు కంటె, అంతకుముందు తలుపు మూసి ఉంచిన ఆ నెలలే గొప్పవిగా తోస్తాయి. విమోచనలో మూల్యం చెల్లించవలసినది విమోచకుడని చెప్పాను. ఆకలిగొన్నవాని వద్ద అన్నానికి బదులుగా కృతజ్ఞత గాని, విధేయత గాని, విశ్వాసం గాని వసూలు చేస్తే అది విమోచన కాదు, మరొక తాకట్టు.

కనికరానికి మరొక ముఖం ఉన్నది. అది అపకారి విషయంలో చూపేది. ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగుల సేవలో జీవితం గడిపిన గ్రాహం స్టెయిన్స్‌ను, పదేండ్ల ఫిలిప్, ఆరేండ్ల తిమోతి అనే ఇద్దరు కుమారులతో సహా, 1999 జనవరిలో మనోహర్‌పూర్ గ్రామంలో వాహనంలో నిద్రిస్తుండగా సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పారు. వెంటనే స్వదేశానికి వెళ్ళిపోలేదు. 2004 వరకు ఆ రోగుల మధ్యనే ఉన్నారు. 2005లో మన ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె క్షమించారని న్యాయస్థానాలు విచారణ ఆపలేదు, ఆపవలసినదీ కాదు. నేరానికి శిక్ష రాజ్యం పని. ద్వేషాన్ని మనసులో నుండి దించివేయడం బాధితురాలి పని. ఒకటి చేస్తే రెండవది అక్కరలేదని క్రైస్తవం చెప్పదు.

ఇప్పుడు మన పాఠశాల సంగతికి వస్తాను. పరాయి నేలకు వచ్చిన మన పెద్దలు మగ్గాల మీద, మిల్లులలో పనిచేసి, అమ్మలు ఇంటింట బీడీలు చుట్టి, ఆ కూలిలో నుండి మిగిల్చినదానితో పిల్లలను ఈ బడికి పంపారు. ఆనాడు వారు పరవాసులు. వారిని ఈ నేల చేర్చుకున్నది. నేడు మనకు ఇండ్లున్నవి, కార్ఖానాలున్నవి, సంఘాలున్నవి. ఇప్పుడు మన గుమ్మం ముందు నిలబడేవాడు మరొక పరవాసి. మన కార్ఖానాలోకి కొత్తగా వచ్చిన కూలి బిడ్డ కావచ్చును. మన కులం కాకపోవచ్చును. తెలుగు సరిగా పలకలేకపోవచ్చును. పరవాసి మనసు మీకు తెలుసు గదా అన్న ధర్మశాస్త్ర వాక్యం నేడు మనలను ఉద్దేశించి పలుకుతున్నట్లు లేదా?

అందుచేత మీ ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాను. పూర్వ విద్యార్థులు తమ పంటలో ఒక అంచును కోయక విడిచిపెట్టాలి. ఏ బిడ్డ జీతం ఎవరు కట్టారో ఆ బిడ్డకు తెలియనక్కరలేదు. ఫలకం మీద పేరు లేకపోతే దానం తక్కువ కాదు. తలిదండ్రులు తమ పిల్లలకు, ప్రక్క బల్ల మీద కూర్చున్నవాని కులం అడగకుండ తినుబండారం పంచుకోవడం నేర్పాలి. ఇక ఉపాధ్యాయులకు ఒక మాట. ఉపమానంలో సమరయుని అందరూ పొగడుతారు, పూటకూళ్లవానిని ఎవరూ తలచుకోరు. సమరయుడు మరునాడే తన దారిన వెళ్ళిపోయాడు. గాయం మానేవరకు రాత్రింబగళ్ళు చూసుకున్నది పూటకూళ్లవాడే. ఉత్సవాలకు వచ్చి, విరాళం ప్రకటించి వెళ్ళిపోయే మేమంతా సమరయుని వంటివారమే అనుకున్నా, దినదినం పిల్లవాని పక్కన ఉండేది మీరు. ఈ డెబ్బది అయిదేండ్లు ఆ పని పేరు ప్రతిష్ఠలు ఆశించక చేసిన గురువులకు, వారిలో గతించినవారికి, ఈ సభ తరఫున నమస్కరిస్తున్నాను.

మత్తయి సువార్త ఇరువది అయిదవ అధ్యాయంలో అంతిమ తీర్పు వర్ణన ఉన్నది. నేను పరదేశినై ఉన్నప్పుడు నన్ను చేర్చుకున్నారని రాజు కొందరితో అంటే, ఎప్పుడు చేర్చుకున్నామని వారు ఆశ్చర్యపోతారు. తాము చేసినది వారికి గుర్తు లేదు. ఈ పాఠశాల శతవార్షికోత్సవం జరుపుకొనేనాడు, ఎవరో ఒకరు ఈ వేదిక ఎక్కి, నన్ను ఈ బడి చేర్చుకున్నదని చెప్పాలి. చేర్చుకున్నవారికి అది గుర్తే ఉండకూడదు.